కొమ్ములున్నదాన్నే ఎందుకు కొడతారు? ఆ లెక్క ఎవరిది?



పోస్టు పెద్దదే. ఒక కప్పు టీ పెట్టుకుని ఓపిగ్గా చదవండి. చివర్లో మన గురించే ఉంది.

మొన్న హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక నలుగురం కూర్చుని ఫోన్లో వీడియోలు చూస్తున్నాం. అమెరికా వేట వీడియో ఒకటి వచ్చింది. నారింజ రంగు కోటు వేసుకున్న ఒకాయన, చచ్చి పడున్న పెద్ద జంతువు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని కొమ్ములు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ జంతువు పేరు ఎల్క్. మన కణుజుకి చుట్టమే. మగది మూడు వందల కిలోలు దాటుతుంది. ఆ తర్వాత ఇంకో వీడియో, ఇంకోటి. అన్నిట్లోనూ కొమ్ములున్నదే.

ఇంటర్ చదువుతున్న తమ్ముడు అడిగాడు. "అన్నా, వీళ్ళు ఎప్పుడూ మగదాన్నే ఎందుకు కొడతారు? ఆడదాని మీద జాలేటి?"

"గోడకి తగిలించుకోడానికిరా" అన్నాడొకడు. "ఆడది పిల్లల్ని కంటాది కదా, అందుకే వదిలేస్తారు" అన్నాడు ఇంకొకడు. నేను జువాలజీ చదువుతున్నాను కాబట్టి అందరూ నా వైపు చూశారు. ఆ రాత్రి సరిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని చదివాను. చదివిన కొద్దీ ఇది జంతువుల సంగతి మాత్రమే కాదని అర్థమైంది. "మగదాన్నే కొట్టు" అనేది ప్రకృతి పెట్టిన నియమం కాదు. ఒక కాలంలో ఒక అవసరం కోసం కొందరు మనుషులు వేసిన లెక్క. అడవిలో ఆ లెక్క ఎవరి చేతిలో ఉంటే మాట కూడా వాళ్ళదే చెల్లుతుంది. ఈ పోస్టులో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు తమ్ముడి ప్రశ్నకి జవాబు.

దుప్పి, కణుజు, ఎల్క్ లాంటి జాతుల్లో మగది ఒక్క ఆడదానితో ఉండిపోదు. జతకట్టే కాలంలో బలమైన మగ ఎల్క్ పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై ఆడవాటిని తన చుట్టూ పోగేసుకుంటుంది. మిగతా మగవి దూరం నుంచి చూస్తూ ఉంటాయి. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక అడవిలో 50 మగవి, 50 ఆడవి ఉన్నాయనుకోండి. ఆడది ఏడాదికి ఒక పిల్లని ఈనుతుందనుకుందాం. వేటలో 30 మగవి పోయినా మిగిలిన 20 మగవి ఆ 50 ఆడవాటికీ సరిపోతాయి. వచ్చే ఏడు పిల్లలు 50కి దగ్గరగానే పుడతాయి. అదే 30 ఆడవి పోతే పుట్టేవి 20. మంద పెరగాలన్నా తగ్గాలన్నా తేల్చేది ఆడవే. మగదాన్ని కొడితే మందకి దెబ్బ తక్కువ అనే మాట ఇక్కడి నుంచి వచ్చింది. కాబట్టి "పిల్లల్ని కంటాది" అన్నవాడి మాటలో నిజం ఉంది.

రెండోది, గుర్తు పట్టడం తేలిక. దుప్పి కుటుంబంలో రెయిన్‌డీర్ తప్పిస్తే కొమ్ములు మామూలుగా మగవాటికే ఉంటాయి. దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. చంపాక తనిఖీ చేసే గార్డుకి కూడా తల చూస్తే చాలు. అమలు చేయడానికి ఇంత సులువైన నియమం ఇంకోటి దొరకదు.

మూడోది, ఆ కాలంలో మగది జాగ్రత్త మరిచిపోతుంది. ఎల్క్ సెప్టెంబరు, అక్టోబరుల్లో జతకడుతుంది. మగది కొండలు మారుమోగేలా ఈల వేసినట్టు అరుస్తుంది, తిండి తగ్గించేస్తుంది, పోటీకి వచ్చినదానితో కొమ్ములు కలుపుతుంది. వేటగాడు అదే అరుపు ఒక గొట్టంతో ఊదితే ఇంకో మగది వచ్చిందనుకుని ఎదురొస్తుంది. ఆడది అలా సులువుగా రాదు.

నాలుగోది కొమ్ములు. అవి ఏటేటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. మంచి మేత, మంచి వయసు ఉంటేనే పెద్దవవుతాయి. అందుకే పెద్ద కొమ్ముల తల అక్కడ గొప్పకి గుర్తు. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్, ఆయన స్నేహితులు కలిసి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. కొమ్ముల్ని టేపుతో కొలిచి మార్కులు వేసే పద్ధతి ఈ క్లబ్బుదే. రూజ్‌వెల్ట్ తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. అడవుల్ని కాపాడాలని గట్టిగా పనిచేసినవాళ్ళే కొమ్ములు కొలవడం కూడా నేర్పారు. ఈ రెండూ ఒకే ఇంట్లో పుట్టాయి.

ఇక చట్టం ఎలా వచ్చిందో చూడండి. 1800ల్లో అమెరికాలో మాంసానికీ తోళ్ళకీ వ్యాపారులు దుప్పుల్ని లక్షల్లో చంపి రైళ్ళలో పట్నాలకి పంపారు. 1900 నాటికి తెల్లతోక దుప్పులు దేశం మొత్తం మీద సుమారు 5 లక్షలే మిగిలాయని అంచనా. ఎల్క్ లక్ష లోపుకి పడిపోయింది. అప్పుడు భయపడి రాష్ట్రాలు చట్టాలు తెచ్చాయి. పెన్సిల్వేనియాలో 1907లో కొమ్ములున్న మగదాన్నే కొట్టాలన్న చట్టం వచ్చింది. మిగతా రాష్ట్రాల్లో కూడా అలాంటివే వచ్చాయి. ఆ రోజుకి అది సరైన లెక్కే. మంద పెరగాలి, కాబట్టి ఆడదాన్ని వదలాలి. దుప్పులు మళ్ళీ పెరిగాయి కూడా.

తర్వాత ఏమైందన్నది అసలు పాఠం. మంద పెరిగిపోయింది. తోడేళ్ళని అప్పటికే చాలావరకు చంపేశారు. విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తర అడవుల్లో దుప్పులు మొలకలన్నీ మేసేసి, చలికాలంలో ఆకలితో గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. ఆల్డో లియోపోల్డ్ అనే అటవీ శాస్త్రవేత్త, ఇప్పుడు ఆడవాటిని కూడా తగ్గించాలి, లేకపోతే అడవీ పోతుంది, దుప్పీ పోతుంది అని చెప్పాడు. 1943లో అక్కడ కొమ్ములు లేనివాటిని కొట్టడానికి కొద్ది రోజులు అనుమతి ఇచ్చారు. వేటగాళ్ళు భగ్గుమన్నారు. ఆ వేటకి "నలభై మూడు నేరం" అని పేరు పెట్టారు. ఎందుకంటే ముప్పై ఏళ్ళలో ఆ లెక్క ధర్మంగా మారిపోయింది. ఆడదాన్ని కొట్టేవాడు మగాడు కాడు, మంచి వేటగాడు కాడు అనే దాకా వచ్చింది. కారణం పోయాక కూడా నియమం పట్టుకుని కూర్చున్నారు. 1990ల్లో అదే రాష్ట్రం కొన్ని ప్రాంతాల్లో, ముందు ఆడదాన్ని కొడితేనే మగదాన్ని కొట్టే అనుమతి ఇస్తామని షరతు పెట్టింది. జనం ఎంత గోల చేశారంటే 2011లో దాన్ని తీసేయాల్సి వచ్చింది.

అలాగని మగవాటిని ఎన్నయినా కొట్టొచ్చా? అదీ కాదు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో సైగా అనే జింక ఉంది. దాంట్లో కొమ్ములు మగదానికే. సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయాక కాపలా పోయింది, జనానికి పని పోయింది. చైనా మందులకి ఆ కొమ్ములు కావాలి. మగవాటిని ఏరి ఏరి చంపారు. చివరికి మగవి ఎంత తక్కువైపోయాయంటే, ఆడవి ఉన్నా చూలు కట్టలేదు. పిల్లలు పుట్టడమే పడిపోయింది. ఈ సంగతి 2003లో శాస్త్రవేత్తలు లెక్కలతో సహా బయటపెట్టారు. నేను పైన వేసిన 50-50 లెక్కకి కూడా ఒక హద్దు ఉందన్నమాట.

ఇంకోటి. కెనడాలోని అల్బెర్టాలో రామ్ మౌంటెన్ అనే కొండ మీద పెద్దకొమ్ముల అడవి గొర్రెలున్నాయి. కొమ్ము ఒక కొలత దాటిన పొట్టేలునే కొట్టాలని అక్కడ నియమం ఉండేది. సుమారు ముప్పై ఏళ్ళు చూస్తే ఆ మందలో పొట్టేళ్ళ కొమ్ములు చిన్నవైపోతూ వచ్చాయి. పెద్ద కొమ్ములు తొందరగా పెరిగేది ముందే చచ్చిపోతుంది, చిన్న కొమ్ములది బతికి పిల్లల్ని కంటుంది. ఇందులో వేట వాటా ఎంత, మేత వాటా ఎంత అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు గానీ, దారి మాత్రం అర్థమవుతుంది కదా. పులి, రేచుకుక్క, తోడేలు ఎక్కువగా కూనల్ని, ముసలివాటిని, నీరసించినవాటిని పట్టుకుంటాయి. మనిషి మాత్రం మందలో మేలైనదాన్ని ఏరుకుంటాడు.

ఇక్కడ మా తాత మాట చెప్పాలి. మాది పాడేరు వైపు. చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్ళు వేటకి పోయేవారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడ నీళ్ళు చల్లి ఏడిపించేవారు. అదొక సరదా. తాత చిన్నప్పుడు, అంటే 1972 చట్టానికి ముందు, పట్నం నుంచి దొరలు లైసెన్సు తుపాకులతో వచ్చి బంగళాలో దిగేవారట. మా ముత్తాత లాంటివాళ్ళు డప్పులు కొడుతూ అడవి తోలాలి. జంతువు బయటికొస్తే దొర కాలుస్తాడు. "దొర పోతునే కొట్టేవోడురా. కొమ్ములు బంగళా గోడకి. కూర మా కడుపుకి. ఆడది పడితే మాత్రం మమ్మల్ని తిట్టేవోడు, అడివి నాశనం సేస్తున్నారని" అనేవాడు తాత.

ఈ మాట నాకు అప్పుడు కథలా అనిపించింది. ఇప్పుడు మొత్తం చరిత్రలా కనిపిస్తోంది. కొమ్ముల కోసం కొట్టేవాడిది "క్రీడ". కూర కోసం కొట్టేవాడిది "దొంగతనం". బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ వేట నియమాలు రాసింది తుపాకీ ఉన్నవాళ్ళు. విల్లు, వల ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు.

అమెరికాలో మూలవాసులకి కూడా ఇదే జరిగింది. కానీ వాళ్ళు ఏం చేశారో మనం చదవాలి. ఇందాక చెప్పిన విస్కాన్సిన్ ఉత్తర అడవులు ఒజిబ్వే తెగ భూమి. 1837, 1842 ఒప్పందాల్లో వాళ్ళు భూమి ఇచ్చేశారు గానీ, ఆ భూమిలో వేటాడే, చేపలు పట్టే, ఏరుకునే హక్కు అట్టే పెట్టుకున్నారు. వందేళ్ళకి పైగా రాష్ట్రం ఆ కాగితాన్ని పట్టించుకోలేదు. 1974లో ఇద్దరు అన్నదమ్ములు రిజర్వేషన్ గీత దాటి గడ్డకట్టిన సరస్సులో ఈటెతో చేపలు పట్టి అరెస్టయ్యారు. ఆ కేసు నడిచి నడిచి 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పందపు హక్కు ఇంకా బతికే ఉందని చెప్పింది.

అప్పుడు తెల్లవాళ్ళలో చాలామంది రోడ్డెక్కారు. చేపలు పట్టే రేవుల దగ్గర రాళ్ళు వేశారు, నోటికొచ్చినట్టు తిట్టారు. చేపలూ దుప్పులూ అన్నీ వీళ్ళే తినేస్తారన్నారు. నిజానికి ఆ రాష్ట్రంలో మామూలు వేటగాళ్ళు ఏడాదికి లక్షల్లో దుప్పుల్ని కొడితే, ఒప్పందపు హక్కుతో తెగలవాళ్ళు కొట్టేది కొద్ది వేలు. వాళ్ళలో చాలామందికి కొమ్ములతో పని లేదు. ఇంటికి మాంసం కావాలి. కొమ్ములు లేనిదానికైనా వాళ్ళ సొంత పర్మిట్ ఉంటుంది, దానికీ కోటా ఉంటుంది.

నాకు నచ్చింది ఆ తర్వాత చేసిన పని. కోర్టు గెలిచాం కదా అని ఊరుకోలేదు. 1984లో తెగలన్నీ కలిసి గ్రేట్ లేక్స్ ఇండియన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్ పెట్టుకున్నాయి. ఇప్పుడు అందులో 11 తెగలున్నాయి. వాళ్ళకి సొంత జీవశాస్త్రవేత్తలున్నారు, సొంత వార్డెన్లున్నారు. ఎన్ని చేపలు, ఎన్ని దుప్పులు, ఎన్ని తీసుకోవచ్చు అన్న లెక్క వాళ్ళే వేసి, రాష్ట్రం అధికారుల ఎదురుగా టేబుల్ దగ్గర కూర్చుంటారు. "మా తాతలు చెప్పారు" అనే మాట ఒక చేత్తో, సర్వే కాగితం ఇంకో చేత్తో పట్టుకుని మాట్లాడతారు.

ఇంకో కేసు కూడా ఉంది. 2014లో క్రో తెగకి చెందిన క్లేవిన్ హెరెరా, తోటివాళ్ళతో కలిసి ఎల్క్ గుంపు వెంటపడి మోంటానాలోని రిజర్వేషన్ దాటి వయోమింగ్ రాష్ట్రంలో బిగ్‌హార్న్ జాతీయ అడవిలోకి వెళ్ళాడు. మగ ఎల్క్‌లని కొట్టి మాంసం ఇంటికి తెచ్చుకున్నారు. రాష్ట్రం కేసు పెట్టింది. 1868 ఒప్పందంలోని వేట హక్కు, వయోమింగ్ రాష్ట్రం అయినంత మాత్రాన చచ్చిపోలేదని 2019లో అమెరికా సుప్రీం కోర్టు 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది. అయితే జంతువుల్ని కాపాడటానికి అవసరమైతే రాష్ట్రం ఆ హక్కుని కట్టడి చేయొచ్చా అనే ప్రశ్న అలాగే ఉంచింది. అంటే చివరికి మళ్ళీ లెక్క దగ్గరికే వచ్చారు. ఎన్ని ఉన్నాయి? ఎవరు లెక్కపెట్టారు?

ఇప్పుడు కొందరు నన్ను అడుగుతారు. "అయితే మనకీ వేట హక్కు కావాలంటావా?"

కాదు. సూటిగా చెప్తున్నాను. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని ఆపేసింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకి చాలా ఇచ్చింది గానీ, సంప్రదాయ హక్కులు చెప్పే చోట వేటని పేరు పెట్టి మరీ మినహాయించింది. ఆ మినహాయింపు మీద కోపం ఉండొచ్చు. కానీ మన అడవుల్లో ఇప్పుడు దుప్పి ఎంత మిగిలిందో చూస్తున్నాం. మన సెక్షన్లు వేరు, మన అడవి వేరు. అమెరికా వీడియో చూసి విల్లు పట్టుకుంటే పోయేది మనమే. జైలు, బెయిలు, చదువు నాశనం. ఆ బాధ పడిన ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నాయి.

ఇంకో నిజం కూడా మనలో మనం మాట్లాడుకోవాలి. ఇవాళ మన వైపు జరిగేది తాతల వేట కాదు. ఉచ్చు, కరెంటు తీగ. తీగకి మగా ఆడా తెలీదు. చూడి దుప్పి తెలీదు, కూన తెలీదు. పొద్దున్నే గొడ్లు తోలుకొచ్చిన మనిషి కూడా తెలీదు. పందుల కోసమని పెట్టిన తీగకి మనుషులు చచ్చిపోయిన వార్త ప్రతి ఏడూ చదువుతున్నాం. ఆ మాంసం కూడా మన కుండల్లోకి రావడం లేదు. కిలో లెక్కన పట్నం బండెక్కుతోంది. లాభం వాడిది, కేసు మనది. అమెరికాలో 1800ల్లో రైలెక్కిన మాంసానికీ దీనికీ తేడా నాకు కనిపించడం లేదు. దీన్ని "మన సంస్కృతి" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా తాత ఒప్పుకోడు.

మరి ఏం కావాలి అంటే, లెక్క కావాలి.

అదే అటవీ హక్కుల చట్టంలో సామూహిక అటవీ వనరుని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఉంది. సెక్షన్ 5 అడవినీ వన్యప్రాణుల్నీ కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. ఇది చాలామందికి తెలీదు. పోడు పట్టా గురించి మాట్లాడినంతగా దీని గురించి మనం మాట్లాడం. నల్లమలలో చెంచు సోదరులు అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో కాపలా పని చేస్తున్నారు, పులి జాడ పట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. నాలుగేళ్ళకోసారి జరిగే పులుల గణనలో దారులెంట నడిచి అడుగులు, పెంటికలు, కనబడిన దుప్పుల్ని రాసుకోవాలి. ఆ దారి చూపేది మనవాళ్ళు. రిపోర్టు మీద పేరు ఇంకొకరిది.

అందుకే డిగ్రీలో చేరబోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. టీచర్ ట్రైనింగ్, నర్సింగ్, పోలీసు కానిస్టేబుల్ అన్నీ మంచివే. కానీ ఫారెస్ట్రీ, జువాలజీ, వైల్డ్‌లైఫ్ బయాలజీ వైపు కూడా కొందరు రండి. గణాంకాలు నేర్చుకోండి. ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. ఏ వాగు దగ్గర ఏ నెలలో కణుజు దిగేది? దుప్పి ఎప్పుడు ఈనేది? ఏ చెట్టు కాయ రాలితే గుంపు వచ్చేది? ఇప్పుడు ఎందుకు రావడం లేదు? తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. పదేళ్ళు పదిమంది రాస్తే అది సర్వే అవుతుంది. గ్రామసభలో పెట్టండి.

ఆ రాత్రి అడిగిన తమ్ముడికి నిన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే అన్నా, మన అడవిలో ఇప్పుడు పోతులెన్ని, ఆడవెన్ని?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. మనలో ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే చెప్పండి. లేకపోతే ఈ సెలవుల నుంచే మొదలుపెడదాం.

జోహార్. జై ఆదివాసీ.